ఔట్‌బ్యాక్‌కి ఏ కారవాన్ తీసుకోవాలి? ముందు దారి, తర్వాత తూకం, ఆ తర్వాతే కారవాన్

అడిలైడ్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోట ఈ మధ్య కారవాన్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, ఆ మాట తరచుగా వినిపిస్తోంది. పిల్లలు కాస్త పెద్దయ్యారు, ఇంటి లోను కొంచెం తేలికపడింది, జూలై సెలవుల్లో ఒక్కసారైనా ఔట్‌బ్యాక్ అనే ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతపు ఎర్రమట్టి దారుల్లోకి వెళ్ళి రావాలని కోరిక. వెంటనే వచ్చే ప్రశ్న: "ఏ కారవాన్ కొనమంటారు?"

నేను ఆరేళ్ళలో రెండు కొన్నాను. మొదటిది కొని తప్పు చేశాను, రెండోది ఇప్పటికీ వాడుతున్నాను. ఆ తప్పు ఖరీదు చిన్నది కాదు. మట్టి దారుల కోసం గట్టిగా చేసిన కొత్త ఆఫ్‌రోడ్ కారవాన్ ఇప్పుడు సులువుగా లక్ష డాలర్లు దాటుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. షోరూములో కారవాన్ ఎక్కి వంటగది, మంచం చూసి మనసు పారేసుకోకముందే ఇది చదివితే మీకు పనికొస్తుంది.

మీరు వెళ్ళేది ఏ దారి?

చాలామంది ఔట్‌బ్యాక్ అనగానే అంతా మట్టి దారే అనుకుంటారు. పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా స్టువర్ట్ హైవే మొత్తం తారు రోడ్డే. ఎర్ల్‌డండా దగ్గర తిరిగి ఉలురుకి వెళ్ళే లాసెటర్ హైవే కూడా అంతే. పెర్త్ వైపు వెళ్ళే ఐర్ హైవే మీద 146 కిలోమీటర్లు ఒక్క మలుపు లేకుండా సాగే తిన్నని రోడ్డు ఉంది, అదీ తారే. కూబర్ పీడీ, ఆలిస్ స్ప్రింగ్స్, ఉలురు, కాథరీన్ చూసి రావాలన్నదే మీ కోరికైతే మామూలు కారవాన్ సరిపోతుంది. ఆఫ్‌రోడ్ అనే పేరు కోసం ముప్పై, నలభై వేల డాలర్లు అదనంగా పోయనక్కర్లేదు. ఈ ఒక్క మాటతో మా స్నేహితుల్లో ఇద్దరు తమ ఆలోచన మార్చుకున్నారు.

అసలు మట్టి దారులు వేరే. మారీ నుంచి మార్లా దాకా దాదాపు 620 కిలోమీటర్ల ఊడ్నాడాటా ట్రాక్. మారీ నుంచే ఇంకో దిక్కుకి 517 కిలోమీటర్ల బర్డ్స్‌విల్ ట్రాక్. లావర్టన్ నుంచి ఉలురు పక్కనున్న యులారా దాకా సుమారు 1,100 కిలోమీటర్ల గ్రేట్ సెంట్రల్ రోడ్. కింబర్లీలో డెర్బీ నుంచి కునునర్రా వైపు 660 కిలోమీటర్ల గిబ్ రివర్ రోడ్. వీటి మీదకి మంచి ఆఫ్‌రోడ్ కారవాన్‌ని తీసుకెళ్ళొచ్చు, ఏటా ఎందరో వెళ్తున్నారు కూడా. గ్రేట్ సెంట్రల్ రోడ్ మాత్రం ఆదివాసుల భూముల గుండా పోతుంది కాబట్టి ముందే పర్మిట్ తీసుకోవాలి.

సింప్సన్ ఎడారి, కానింగ్ స్టాక్ రూట్ ఈ లెక్కలోకి రావు. అక్కడ వరసగా వందల కొద్దీ ఇసుక దిబ్బలు ఎక్కి దిగాలి. ఎంత ఖరీదైన కారవాన్ అయినా అక్కడికి తీసుకెళ్ళకూడదు. "ఎక్కడికైనా వెళ్తుంది" అని ఎవరైనా అమ్మితే ఈ రెండు పేర్లు చెప్పి రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

ఆ దారుల్లో గుంతలకంటే ఎక్కువ నష్టం చేసేవి కరుగేషన్లు. చాకిరేవు బండ మీద గీతల్లా రోడ్డుకి అడ్డంగా అలలు అలలుగా లేచిన గట్టి మట్టి. ఒక అల నుంచి ఇంకో అలకి ముప్పావు మీటరు దూరం అనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్కో చక్రానికి సెకనుకు ఇరవై రెండు దెబ్బలు. అలా పొద్దున నుంచి సాయంత్రం దాకా. షాక్ అబ్జార్బర్లలో నూనె మరిగిపోతుంది, స్క్రూలు వాటంతట అవే ఊడతాయి, అల్మరా తలుపుల గొళ్ళేలు విరుగుతాయి, ఛాసిస్ అతుకుల దగ్గర పగుళ్ళు వస్తాయి.

మొదటి ప్రయాణంలో ఊడ్నాడాటా ట్రాక్ మీద కావర్డ్ స్ప్రింగ్స్ దగ్గర ఆగి మా కారవాన్ తలుపు తీసినప్పుడు నేను చూసింది ఇదీ. మా అమ్మ కాకినాడ నుంచి తెచ్చిన ఆవకాయ సీసా, టవల్ చుట్టి డ్రాయరులో పెట్టాం. సీసా పగల్లేదు. కానీ ఆ కుదుపుకి మూత మరలు మరలుగా విప్పుకుని పక్కన పడి ఉంది. నూనె డ్రాయరు అంతా పాకి, దాని మీద పౌడరులా ఎర్రమట్టి పేరుకుని, చెంచాలు, గరిటెలు అన్నీ ఒకే రంగు. మూత తిరిగి ఊడిపోయేంత కుదుపు అంటే, కింద యాక్సిల్ బోల్టుల గతి ఏమిటో అప్పుడు అర్థమైంది. వెంటనే స్పానర్ పట్టుకుని కిందకి దూరాను. రెండు బోల్టులు వేళ్ళతో తిరుగుతున్నాయి.

తూకం లెక్క

నన్నడిగితే కారవాన్ ఎంపికలో సగానికి సగం ఇదే. అమ్మేవాళ్ళు తొందరగా దాటేసేది కూడా ఇదే.

కారవాన్ పక్కన ఒక రేకు ప్లేటు ఉంటుంది. దాని మీద టేర్ అంటే ఖాళీ బరువు. ఏటీఎం అంటే సామానుతో సహా ఆ కారవాన్ ఉండగలిగే గరిష్ఠ బరువు. ఈ రెంటి మధ్య తేడానే మీరు నింపుకోగలిగే బరువు. బండి వైపు చూస్తే జీవీఎం అంటే మనుషులు, డీజిలు, సామాను, హుక్కు మీద పడే భారం అన్నీ కలిపి బండి మోయగలిగే గరిష్ఠం. జీసీఎం అంటే బండి, కారవాన్ రెండూ కలిపి దాటకూడని మొత్తం. హుక్కు మీద పడే భారాన్ని టోబాల్ బరువు అంటారు, మామూలుగా కారవాన్ బరువులో పదో వంతు దగ్గర ఉంటుంది.

ప్రకటనల్లో కనిపించేది మాత్రం ఒక్కటే అంకె: 3,500 కిలోలు లాగుతుంది. ఈ అంకె ఒక్కదాన్నే నమ్మితే ఎక్కడ దెబ్బ తింటామో చూడండి.

టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 300 తీసుకుందాం. దాని జీవీఎం 3,280 కిలోలు, జీసీఎం 6,750. బండిని పూర్తిగా నింపితే కారవాన్‌కి మిగిలేది 3,470, అప్పటికే 3,500 కాదు. అది చిన్న తేడానే. అసలు చిక్కు బండి లోపల ఉంది. సహారా మోడల్ ఖాళీ బరువు 2,610 కిలోల దగ్గర ఉంటుంది. అంటే మనుషులకీ సామానుకీ 670 కిలోలు. మూడు టన్నుల కారవాన్ తగిలిస్తే టోబాల్ మీద 300 పోయాయి, మిగిలింది 370. నలుగురు మనుషులకి 260 వేసుకుంటే 110. ముందు బుల్‌బార్, వెనక ఫ్రిజ్, పనిముట్లు, రెండో స్పేర్ టైరు పెడితే ఆ 110 కూడా ఖర్చయిపోతుంది.

ఇప్పుడు అదే బండిలో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా ఎక్కించండి. ఏడు సీట్లు ఉన్నాయి కదా అనే అనుకుంటాం. ఆరుగురికి 400 కిలోలు, టోబాల్‌కి 300, మొత్తం 700. ఒక్క బ్యాగు కూడా పెట్టకముందే హద్దు దాటిపోయాం. మన ఇళ్ళలో జూన్, జూలై, ఆగస్టు అంటే అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఇక్కడే ఉండే రోజులు. ఔట్‌బ్యాక్ సీజన్ కూడా సరిగ్గా అవే నెలలు. కాబట్టి ఈ లెక్క మన కుటుంబాలకి అందరికంటే ఎక్కువ అవసరం.

డబుల్ క్యాబ్ యూట్‌లతో, అంటే వెనక తొట్టి ఉండే పికప్ బళ్ళతో, ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2020లో వచ్చిన 2.8 లీటర్ల ఆటోమేటిక్ హైలక్స్‌ని చూడండి: 3,500 లాగుతుందని రాసి ఉంటుంది, జీసీఎం 5,850, జీవీఎం 3,050. బండి నిండుగా ఉంటే కారవాన్‌కి మిగిలేది 2,800 మాత్రమే. మీ బండి ఏదైనా సరే, దాని హ్యాండ్‌బుక్ తీసి ఈ తీసివేత ఒకసారి కాగితం మీద వేసుకోండి.

నా సంగతి చెప్తాను. నాది పాత ప్రాడో 150 డీజిల్, 3,000 కిలోలు లాగుతుంది. మొదటి కారవాన్ 19 అడుగులది, టేర్ 2,450, ఏటీఎం 2,900. సేల్స్‌మన్ "మీ బండికి బ్రహ్మాండంగా సరిపోతుంది, ఇంకా వంద కిలోలు మిగులుతుంది" అన్నాడు. నేను కూడా సంతోషంగా సంతకం పెట్టాను. ప్రయాణానికి సర్దుకున్నాక ఎందుకో అనుమానం వచ్చి, లారీలు తూచే కాటా మీదకి తీసుకెళ్ళాను. ఒక్క కారవానే 3,040 చూపించింది. రెండు నీళ్ళ ట్యాంకులు నిండితే 190 కిలోలు, గ్యాస్ సిలిండర్లు, ఆనింగ్ అనే గుడ్డ పందిరి, బియ్యం, పప్పులు, దుప్పట్లు, పిల్లల సైకిళ్ళు. ఏటీఎం దాటింది, బండి లాగగలిగే హద్దు కూడా దాటింది. అలా వెళ్ళి ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిము నిరాకరించొచ్చు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తెల్లారి సైకిళ్ళు, జనరేటరు, సగం నీళ్ళు దింపేసి బయల్దేరాం. నీళ్ళు దింపేసి ఎడారికి వెళ్ళాల్సి వచ్చిందంటే ఆ ఎంపిక ఎంత తప్పో మీరే ఆలోచించండి.

కొత్త కారవాన్ల అమ్మకాల మీద ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ ఏసీసీసీ 2022లో ఒక నివేదిక ఇచ్చింది. లాగే సామర్థ్యం గురించీ, కారవాన్‌ని ఏ దారుల్లో వాడొచ్చన్న దాని గురించీ కొనేవాళ్ళకి తప్పుడు అభిప్రాయం కలిగించడం అందులో ఎత్తిచూపిన విషయాల్లో ఒకటి. అంటే ఇది నా ఒక్కడి అనుభవం కాదు.

నాలుగు ఎంపికలు, ఒక్కో దాని మంచీ చెడూ

పెద్ద ఆఫ్‌రోడ్ కారవాన్ 18 నుంచి 21 అడుగులు, నింపాక రెండున్నర నుంచి మూడున్నర టన్నులు. లోపలే టాయిలెట్, షవర్, వాషింగ్ మెషీన్, పిల్లలకి బంకు పడకలు. ఏడాది పాటు ఉద్యోగానికి సెలవు పెట్టి ఆస్ట్రేలియా చుట్టి రావాలనుకునేవాళ్ళకి, రిటైరైన దంపతులకి ఇది నిజంగా ఇల్లే. వర్షం పడినా, ఈగలు ముసిరినా తలుపు వేసుకుంటే చాలు. కానీ మట్టి దారిలో ఇది అడుగడుగునా మీ దగ్గర ఏదో ఒకటి అడుగుతుంది. రెండున్నర మీటర్ల వెడల్పు, ఎదురుగాలిలో గోడలా నిలబడుతుంది, డీజిలు తాగుతుంది, మెత్తటి ఇసుకలో దిగబడితే బయటికి తీయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. బుష్‌ట్రాకర్, కెడ్రన్ లాంటి క్వీన్స్‌లాండ్ తయారీదార్లు ఈ దారుల కోసమే గట్టిగా కడతారు, వాటి ధర, బరువు కూడా ఆ స్థాయిలోనే ఉంటాయి. వీటికి తగ్గ బండి లేనప్పుడు ఇటు చూడకండి.

హైబ్రిడ్ అంటే 13 నుంచి 16 అడుగుల గట్టి గోడల చిన్న కారవాన్. నింపినా సాధారణంగా రెండు, రెండుంబావు టన్నుల దగ్గర ఆగుతుంది. వెడల్పు తక్కువ కావడంతో బండి చక్రాల జాడలోనే నడుస్తుంది. మంచం లోపల, వంట చాలావాటిలో బయటికి లాగే స్లయిడ్ మీద. నేను ఇప్పుడు వాడుతున్నది ఇదే: టేర్ 1,750, ఏటీఎం 2,400. చూడటానికి చిన్నదే అయినా 650 కిలోలు నింపుకోవచ్చు, పాత పెద్దదానిలో 450 మాత్రమే. ఇది చాలామంది గమనించని విషయం. కారవాన్ పెద్దదైతే ఎక్కువ సామాను పడుతుందని కళ్ళు చెప్తాయి, ప్లేటు వేరేగా చెప్తుంది.

బయట వంట మనకి మంచిదా చెడ్డదా అని మా ఆవిడా నేనూ చాలాసార్లు మాట్లాడుకున్నాం. పోపు వేస్తే ఆ ఘాటు పరుపులకి, కర్టెన్లకి అంటదు, అది పెద్ద లాభం. కానీ గాలి వీస్తే స్టవ్ మంట నిలవదు. ఇక ఈగలు. మధ్యాహ్నం పూట పప్పు గిన్నె మీద మూత తీయాలంటేనే భయం వేసేంత ఈగలు. మేం వంట పొద్దున్నే, లేదా పొద్దు వాలాక చేసుకోవడం అలవాటు చేసుకున్నాం, మధ్యాహ్నానికి పులిహోరో పెరుగన్నమో ముందే కలిపి పెట్టుకుంటాం. లోపల కూడా ఒక చిన్న స్టవ్ ఉన్న హైబ్రిడ్ దొరికితే రెండు డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి.

క్యాంపర్ ట్రైలర్ ఇంకా తేలిక, టన్ను నుంచి టన్నున్నర చిల్లర. పైన గుడారం విప్పుకోవాలి. మెల్‌బోర్న్‌లో తయారయ్యే టీవ్యాన్ లాంటివి గిబ్ రివర్ రోడ్ మీద తరచూ కనిపిస్తాయి, వాటికి ఆ పేరు ఊరికే రాలేదు. మామూలు ఫోర్ వీల్ డ్రైవ్ కూడా తేలిగ్గా లాగుతుంది, ఇసుకలో పెద్ద బెంగ ఉండదు. రోజూ ఊరు మారే ప్రయాణంలో మాత్రం విప్పడం, మడవడం విసుగు తెప్పిస్తుంది. తడిసిన గుడారాన్ని అలాగే మడిచి బయల్దేరాల్సి వస్తే మరీ.

పైగా చలి. ఎడారి అంటే మండే ఎండే మనకి గుర్తొస్తుంది. జూలై రాత్రుల్లో మారీ, విలియం క్రీక్ ప్రాంతాల్లో సున్నా దగ్గరికి పడిపోయే రోజులుంటాయి. గుడ్డ గోడల మధ్య అరవై ఏళ్ళు దాటినవాళ్ళని పడుకోబెట్టడం నాకైతే మనసొప్పదు. ఏసీ కోసం వేలు పోసేవాళ్ళు డీజిల్ హీటర్‌ని మరిచిపోతుంటారు. శీతాకాలం ఔట్‌బ్యాక్‌లో మీకు ముందు కావలసింది హీటరే.

నాలుగోది చాలామందికి తట్టనే తట్టదు: మామూలు కారవాన్‌ని తారు రోడ్డు చివర ఉన్న ఊరి కారవాన్ పార్కులో వదిలేసి, మట్టి దారికి టెంటు వేసుకుని వెళ్ళడం. గిబ్ రివర్ రోడ్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది డెర్బీలోనో కునునర్రాలోనో కారవాన్ దాచి, వారం రోజులు తేలిగ్గా తిరిగి వస్తారు. బండి పైకప్పు మీద టెంటు ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్‌లు అద్దెకి కూడా దొరుకుతాయి, కాకపోతే మట్టి దారుల్లో నడపడానికి ఒప్పందంలో అనుమతి ఉందో లేదో చదవండి. జీవితంలో ఒక్కసారి పది రోజుల ప్రయాణం అనుకునే కుటుంబానికి ఇదే అన్నింటికన్నా చవక. పైకప్పు టెంటుకి నిచ్చెన ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు రాత్రి రెండుసార్లు దిగి ఎక్కలేరు. మా అమ్మ ఒక స్నేహితుడి టెంటు నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి "నావల్ల కాదురా" అన్నాకే మా ఇంట్లో ఆ చర్చ ముగిసింది. ఇప్పుడు అమ్మానాన్నలు వస్తే హైబ్రిడ్‌లో పెద్ద మంచం వాళ్ళకి, బంకులు పిల్లలకి, మేమిద్దరం పక్కన చిన్న టెంటులో. వాళ్ళు వచ్చినప్పుడు నీళ్ళు, సామాను రెండు బళ్ళ మధ్య మళ్ళీ లెక్క చూసుకుని సర్దుతాం, స్నేహితుల కుటుంబం ఒకటి తోడు వస్తుంది.

లాగే బండి

బలం గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి నేను ట్యాంకు గురించి చెప్తాను. మట్టి దారిలో మూడు టన్నులు లాగితే వంద కిలోమీటర్లకి 20 లీటర్లు అనుకుని లెక్క వేసుకోండి, ఎదురుగాలి ఉంటే ఇంకా ఎక్కువ. ల్యాండ్ క్రూయిజర్ 300, కొత్త ప్రాడో రెంటికీ 110 లీటర్లు, అంటే 550 కిలోమీటర్లు. 80 లీటర్ల హైలక్స్, రేంజర్ లాంటివి 400 దగ్గర ఆగుతాయి. నా పాత ప్రాడోకి 150 లీటర్ల ట్యాంకు ఉంది, హైబ్రిడ్‌తో 16 దాకా తాగుతుంది, తొమ్మిది వందలు దాటినా బెంగ లేదు. నేను ఇంకా ఆ బండి మార్చకపోవడానికి అదొక్కటే కారణం.

ఊడ్నాడాటా ట్రాక్ మీద మారీ, విలియం క్రీక్, ఊడ్నాడాటా, మార్లా, ఒక్కోదానికి మధ్య 200 కిలోమీటర్ల చొప్పున ఇంధనం దొరుకుతుంది, కాబట్టి ఏ బండికైనా ఫరవాలేదు. బర్డ్స్‌విల్ ట్రాక్‌లో మంగరానీ దాటాక 300 పైచిలుకు ఏమీ లేదు. గ్రేట్ సెంట్రల్ రోడ్‌లో లావర్టన్ నుంచి మొదటి రోడ్‌హౌస్‌కి కూడా అంతే దూరం. 80 లీటర్ల ట్యాంకుతో వెళ్తే ఒక 20 లీటర్ల క్యాను పక్కన ఉంచుకోండి. నిస్సాన్ ప్యాట్రోల్ వీ8 బలంగా లాగుతుంది, ట్యాంకు కూడా 140 లీటర్లు. కానీ అది డీజిలు కాదు, పెట్రోలు తాగే బండి, లాగేటప్పుడు బాగా తాగుతుంది. మారుమూల రోడ్‌హౌస్ ధరలకి బిల్లు తడిసి మోపెడవుతుంది.

కింద వంగి చూడాల్సినవి

షోరూములో అందరూ లోపలికి ఎక్కుతారు. మీరు ముందు చాప ఒకటి పరుచుకుని కిందకి దూరండి.

సస్పెన్షన్‌లో రెండు రకాలు ప్రధానం. ఒక్కో చక్రం విడిగా కదిలే కాయిల్ స్ప్రింగు ట్రెయిలింగ్ ఆర్మ్, చక్రానికి రెండేసి షాక్ అబ్జార్బర్లతో. రెండోది కమాను కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు. మొదటిది కారవాన్ లోపలి సామానుని బాగా కాపాడుతుంది. రెండోది విరిగితే చిన్న ఊరి మెకానిక్ కూడా సరిచేయగలడు. నేను కాయిల్ వైపే మొగ్గుతాను, కరుగేషన్ల మీద తేడా తెలిసిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ సస్పెన్షన్ ఆగిన చోట కారవాన్‌ని సమంగా నిలబెట్టుకోవడానికి బాగుంటుంది, కానీ గొట్టాలు, కవాటాలు, కంప్రెసరు అంటూ పాడవడానికి ఇంకో నాలుగు వస్తువులు వచ్చి చేరతాయి.

హుక్కు దగ్గర మామూలు 50 మిల్లీమీటర్ల గుండు బదులు, అన్ని దిక్కులకీ తిరిగే ఆఫ్‌రోడ్ కప్లింగ్ ఉండాలి. డీఓ35, మెక్‌హిచ్ అనేవి ఎక్కువగా కనిపిస్తాయి. వాగులోకి దిగేటప్పుడు బండి ఒకవైపు, కారవాన్ ఇంకోవైపు ఒరిగితే మామూలు గుండు మెలిక తిరిగి పట్టేస్తుంది. రెండు టన్నులు దాటిన కారవాన్‌కి అన్ని చక్రాలకీ బ్రేకులు, కారవాన్ విడిపోతే తనంతట తానే బ్రేకు పడే బ్రేక్‌అవే ఏర్పాటు చట్టప్రకారం తప్పనిసరి. సెకండ్ హ్యాండ్ కొంటే ఆ బ్రేక్‌అవే పిన్ను లాగి చూపించమనండి.

చక్రాల విషయంలో ఒక్కటి పట్టుబట్టి అడగండి: కారవాన్ చక్రం, బండి చక్రం ఒకే సైజు, ఒకే బోల్టు అమరిక. రెండు స్పేర్లు రెంటికీ పనికొస్తాయి. మట్టి దారి ఎక్కేముందు టైర్లలో గాలి తగ్గించాలి, నేను బండికి 28, కారవాన్‌కి 26 పీఎస్ఐ దగ్గర పెడతాను, మీ బరువుని బట్టి మీది మారుతుంది. గాలి తగ్గిస్తే వేగం కూడా తగ్గించాలి. ఆగిన ప్రతిసారీ చక్రాల మధ్య హబ్ దగ్గర చెయ్యి వెనక భాగం ఆనించి చూడండి. అన్నిటికన్నా ఒకటి బాగా వేడెక్కితే బేరింగో బ్రేకో మొరాయిస్తోందని అర్థం.

దుమ్ము ఎలా వస్తుందో తెలిస్తే ఆపడం తేలిక. కారవాన్ పరుగెత్తుతుంటే లోపల గాలి ఒత్తిడి తగ్గి, కింది సందుల్లోంచి దుమ్ముని పీల్చుకుంటుంది. పైకప్పు మీద ముందుకి తెరుచుకునే, వడపోత ఉన్న కిటికీ ఉంటే బయటి గాలి లోపలికి నిండి దుమ్ముని బయటికే తోస్తుంది. కొనేటప్పుడు అది ఉందా అని అడగండి. కింద ఉండే గ్యాస్ వెంట్లని మాత్రం టేపుతో శాశ్వతంగా మూసేయకండి. గ్యాస్ లీకైతే బయటికి పోవడానికే అవి ఉన్నాయి.

ఇక కరెంటు. మన వంటింటికి లెక్క సులువు. 700 వాట్ల రైస్ కుక్కరు అరగంట నడిస్తే 12 వోల్టుల బ్యాటరీలో 30 ఆంపియర్ అవర్లకు కొంచెం పైన ఖర్చవుతుంది. మిక్సీ వాట్లు ఎక్కువే అయినా రెండు నిమిషాల పనే. 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, 2,000 వాట్ల ఇన్వర్టరు, పైన సోలార్ పలకలు ఉంటే అన్నం, చట్నీ, ఫ్రిజ్, లైట్లు అన్నీ గడుస్తాయి. బ్యాటరీ మీద రాత్రంతా ఏసీ నడవాలని మాత్రం ఆశపడకండి.

నీళ్ళకి కారవాన్ ట్యాంకుల మీదే ఆధారపడొద్దు. రాయి తగిలి ట్యాంకు పగలడం మా స్నేహితుడి కళ్ళ ముందే జరిగింది, సాయంత్రానికి గానీ ఆయన గమనించలేదు. తాగే నీళ్ళు విడిగా క్యాన్లలో, బండి లోపల ఉండాలి. నేను మనిషికి రోజుకి పది లీటర్లు, అనుకున్న రోజులకి పైన ఇంకో మూడు రోజులకి లెక్క వేస్తాను.

ఎవరికి ఏది

మీ ప్రయాణంలో మట్టి దారి ఏడాదికి వారం, పది రోజులే అయితే హైబ్రిడ్ తీసుకోండి, నా సలహా నూటికి తొంభై మందికి ఇదే. ఏడాది పాటు అందులోనే కాపురం పెట్టేవాళ్ళు, బండిలో ఇద్దరు ముగ్గురే ఉండేవాళ్ళు, ల్యాండ్ క్రూయిజర్ స్థాయి బండి ఉన్నవాళ్ళు పెద్ద ఆఫ్‌రోడ్ కారవాన్ గురించి ఆలోచించొచ్చు. పిల్లలు లేని, లేదా టీనేజి పిల్లలున్న, చలికి వెరవని కుటుంబాలకి క్యాంపర్ ట్రైలర్. తారు రోడ్డు మీద తిరిగేవాళ్ళకి మామూలు కారవాన్, మట్టి దారి వచ్చినప్పుడు టెంటు.

ఏది తేల్చుకున్నా, కొనేముందు అలాంటిదే ఒకటి వారం రోజులు అద్దెకి తీసుకోండి. మాకైతే అడిలైడ్‌కి ఉత్తరాన ఉన్న ఫ్లిండర్స్ రేంజెస్ కొండలు మంచి పరీక్ష. హాకర్ దాటాక విల్పెనా, పరాచిల్నా చుట్టుపక్కల మట్టి దారులున్నాయి, ఊళ్ళు మరీ దూరం కావు, ఏదైనా ఇబ్బంది వస్తే సాయంత్రానికి బయటపడొచ్చు. నాలుగు రాత్రులు గడిస్తే ఎవరికి మంచం చాలదో, ఎవరికి టాయిలెట్ లేక కష్టమో, రివర్స్ తీయడం మీకు ఎంత వచ్చో తెలిసిపోతుంది.

వారంటీ కాగితం షోరూములోనే కూర్చుని మొత్తం చదవండి. పక్కన ఆఫ్‌రోడ్ అని పెద్ద అక్షరాలు ఉండి, లోపల "గ్రేడర్ తోలిన మట్టి రోడ్లకే" అనో, "నీళ్ళు దాటించరాదు" అనో ఉండొచ్చు. మీరు వెళ్ళదలచిన దారి పేరు రాసి, వారంటీ వర్తిస్తుందని ఈమెయిల్లో ఒప్పుకోమనండి. అలాగే మీ రోడ్‌సైడ్ కవర్‌లో కారవాన్ కూడా ఉందా, మట్టి దారిలోంచి లాక్కొస్తారా అని ఫోను చేసి కనుక్కోండి.

ఇవన్నీ అయ్యాక బడ్జెట్‌లో ఈ నాలుగింటికి డబ్బు మిగలాలి: బండిలోంచి కారవాన్ బ్రేకులు నడిపే మంచి బ్రేక్ కంట్రోలరు, యూహెచ్‌ఎఫ్ రేడియో, శాటిలైట్ ఫోను లేదా అలాంటి మెసేజ్ పరికరం, పీఎల్‌బీ అని పిలిచే అత్యవసర బీకన్. ఆ దారుల్లో వందల కిలోమీటర్లు ఫోను సిగ్నలు ఉండదు. వెనక వరసగా ట్రైలర్లు తగిలించుకున్న 53 మీటర్ల లారీ, అంటే రోడ్ ట్రెయిను, ఎదురొచ్చినప్పుడు ఎడమకి జరిగి ఆగిపోండి, దుమ్ము పూర్తిగా సర్దుకునే దాకా కదలకండి, వెనకే ఇంకోటి ఉండొచ్చు. యూహెచ్‌ఎఫ్ రేడియో 40వ ఛానెల్లో వింటే ఆ డ్రైవర్లే చెప్తారు. గిబ్ రివర్ రోడ్‌లో పెంటికోస్ట్ నది దాటేటప్పుడు లోతు చూడటానికి కాలితో దిగకండి, ఉప్పునీటి మొసళ్ళుంటాయి. ముందు వెళ్ళే బండిని చూసి అంచనా వేసుకోండి.

బయల్దేరే ముందురోజు నీళ్ళు, డీజిలు, సామాను నింపి, ఇంట్లోవాళ్ళందరినీ ఎక్కించి కాటా మీదకి వెళ్ళండి. ముందు బండీ కారవాన్ కలిపి, తర్వాత కారవాన్ విప్పి బండి ఒక్కటీ తూపించండి. ఆ చీటీ బండిలోనే పెట్టుకోండి. అలాగే ఆ ఉదయం రోడ్ రిపోర్టు చూడండి. వాన పడి దారి మూసేస్తే మారీ హోటల్ ఎదురుగా రెండు రోజులు ఆగాల్సి రావచ్చు. మూసిన దారిలోకి వెళ్తే జరిమానా ఎక్కువే, తడి మట్టిలో మీరు చేసిన చాళ్ళు వెనకొచ్చేవాళ్ళందరినీ నెలల తరబడి బాధిస్తాయి. సెలవు లెక్కలో ఆ రెండు రోజులు ముందే వేసుకోండి.